ఓడ టికెట్టు కొనేముందు రేవుల వరస అడగండి

సంపాదకులకు నమస్కారం.

పత్రికల జిల్లా పేజీల్లో ఈమధ్య ఓడ విహారాల ప్రకటనలు బాగా కనిపిస్తున్నాయి. ఎన్ని రాత్రులు, ఎన్ని పగళ్లు, మన భోజనం దొరుకుతుందా లేదా, ఇవన్నీ పెద్ద అక్షరాల్లో ఉంటున్నాయి. ఓడ ఏ రేవు తర్వాత ఏ రేవులో ఆగుతుందో మాత్రం ఉండటం లేదు. వీసా అయినా టీకా అయినా తేలేది ఆ వరసను బట్టే. కోనసీమలో గల్ఫ్‌కు మనుషులు వెళ్లని ఊరు అరుదు కాబట్టి పాస్‌పోర్టు, మెడికల్, స్టాంపింగ్ అనే మాటలు ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. అయితే గల్ఫ్ వెళ్లేవాళ్లు దిగేది ఒక్క దేశంలో. ఓడ వారం రోజుల్లో మూడు నాలుగు దేశాల గడప తొక్కుతుంది. చిక్కంతా అక్కడే.

విశాఖ సంగతి ముందు చెప్పేస్తాం. 2022 జూన్‌లో విశాఖ నుంచి పుదుచ్చేరి మీదుగా చెన్నైకి విహార ఓడ నడిచింది. 2023లో అక్కడ అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. మన రేవుల మధ్యే తిరిగే ఓడకు ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు. అదే ఓడ ట్రింకోమలిలోనో హంబన్‌తోటలోనో ఆగితే పాస్‌పోర్టు తప్పనిసరి, శ్రీలంక ప్రవేశ అనుమతి కూడా చూసుకోవాలి. పాపికొండలకు బోటెక్కినట్టు ఎక్కేద్దామంటే కుదరదు.

ఇక కొన్ని రేవుల వల్ల టీకా అవసరమయ్యే ఎల్లో ఫీవర్ సంగతి. పేరు చూసి ఇది పచ్చకామెర్లే అనుకునేవాళ్లు చాలామంది. కామెర్ల టీకా అని మనవాళ్లు వేయించుకునేది హెపటైటిస్‌-బి టీకా. దానికీ దీనికీ సంబంధం లేదు. ఎల్లో ఫీవర్ ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో దోమకాటు వల్ల వచ్చే వైరస్ జ్వరం. మన దేశంలో ఆ జ్వరం లేదు గానీ దాన్ని మోసే ఈడిస్ దోమ దండిగా ఉంది. మనకు డెంగీ తెచ్చిపెట్టేది అదే. తోటలో బోర్లించకుండా వదిలేసిన కొబ్బరి చిప్పలో కాసిని వాననీళ్లు నిలిస్తే చాలు, గుడ్లు పెట్టేస్తుంది. అందుకే ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నట్టు చూపే పత్రం దగ్గర మన ప్రభుత్వం మెత్తబడదు. ముప్పున్న దేశం వదిలిన 6 రోజుల లోపు పత్రం లేకుండా ఇక్కడ దిగితే, ఆ 6 రోజులు నిండేదాకా విడిగా ఉంచవచ్చు. వైరస్ ఒంట్లో చేరాక జ్వరం బయటపడటానికి 3 నుంచి 6 రోజులు పడుతుంది, లెక్క దాన్నిబట్టి పెట్టిందే. ముప్పున్న రేవును తాకిన ఓడ 30 రోజుల లోపు మన రేవుకు వస్తే, దోమల నిర్మూలన పద్ధతి ప్రకారం చేయించి ఉండకపోతే, అందులో వచ్చినవాళ్లకూ ఇదే నియమం.

ఏజెంట్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఉదాహరణకు ఓడ కెన్యాలోని మొంబాసాలో ఆగుతుందనుకోండి. భారతదేశం నుంచి నేరుగా వచ్చినవాళ్లను కెన్యా ఈ పత్రం అడగదు. ఆ ఒక్క ముక్క చదివి ‘టీకా అక్కర్లేదండీ’ అనేస్తారు. కెన్యా అడగకపోయినా, కెన్యా నుంచి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో మనవాళ్లే అడుగుతారు. మధ్యలో ఓడ జాంజిబార్ వెళ్తే టాంజానియావాళ్లు కూడా అడుగుతారు. కరీబియన్ విషయమూ అంతే. బహామాస్, జమైకా అయితే మనవైపు బెంగలేదు. కొలంబియాలోని కార్టజీనా, పనామాలోని కొలోన్, ట్రినిడాడ్, వీటిలో ఏ ఒక్కటి వరసలో ఉన్నా అవి ముప్పున్నవని మన ప్రభుత్వం పెట్టుకున్న జాబితాలోని చోట్లే. ఫ్లోరిడాలో ఓడ దిగి రెండోరోజే హైదరాబాద్ విమానం ఎక్కితే 6 రోజులు ఎలా గడుస్తాయి? ‘మేం ఒడ్డుకే దిగలేదు’ అన్నా లాభం లేదు. చాలా ఓడ కంపెనీలు దిగినా దిగకపోయినా వరసను బట్టి అందరినీ పత్రం అడుగుతాయి.

ఈ సూది వీధి చివర క్లినిక్‌లో వేసేది కాదు. ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలోనే వేయించుకోవాలి, లేకపోతే పత్రం చెల్లదు. విశాఖలో పోర్ట్ హెల్త్ ఆర్గనైజేషన్, హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటివి. పూర్తి జాబితా కేంద్ర ఆరోగ్యశాఖ దగ్గర ఉంటుంది. అమలాపురంలో తెల్లవారుజామున బస్సెక్కి వెళ్లిపోతే పనైపోతుందనుకోకండి. ఈ మందు పొడి రూపంలో, ఒక్కో సీసాలో 5 లేక 10 మందికి సరిపడా వస్తుంది. ద్రవం కలిపాక 6 గంటల్లో వాడెయ్యాలి, మిగిలింది పారబొయ్యాలి. ఒక్కరి కోసం సీసా విప్పరు. అందుకే కేంద్రాలు వారంలో ఫలానా రోజులని పెట్టుకుని, ముందుగా పేరు రాయించుకున్నవాళ్లకే వేస్తుంటాయి. రోజు ఖాయం చేసుకుని, అసలు పాస్‌పోర్టు, దాని నకలు పట్టుకుని వెళ్లాలి.

సూది వేసిన రోజు నుంచి 10 రోజులు గడిస్తేనే పత్రం చెల్లుబాటులోకి వస్తుంది. మార్చి 1న వేయించుకుంటే 11 నుంచి లెక్క. 9న ఓడ ఎక్కాల్సినవాళ్లకు అది చిత్తుకాగితమే. ఒకసారి చెల్లుబాటైతే మాత్రం జీవితాంతం ఉంటుంది. 2016 జూలై 11 నుంచి ఈ నియమం అమల్లో ఉంది. ఈ పత్రం ఇచ్చే చిన్న టీకా పుస్తకం పాతదై, అందులో పదేళ్ల గడువు రాసి ఉన్నా సరే, మళ్లీ వేయించుకోనక్కర్లేదు. పిల్లలకు తట్టు టీకా కూడా బాకీ ఉంటే రెండూ ఒకే రోజు వేయించండి, లేదంటే కనీసం 4 వారాలు ఎడం ఇవ్వండి.

మన ప్రాంతంలో ఓడ టికెట్టు ఎక్కువగా షష్టిపూర్తికి అమెరికా పిల్లలు కొనిచ్చే కానుక. సరిగ్గా ఆ వయసు దగ్గరే ఈ టీకాకు జాగ్రత్త అవసరం. ఇది బతికున్న వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా. 60 దాటాక మొదటిసారి వేయించుకునేవాళ్లలో తీవ్రమైన దుష్ప్రభావాలు అరుదే అయినా, చిన్నవాళ్లలో కంటే ఎక్కువ. బీపీ, షుగరు మాత్రలు వాడుతున్నంత మాత్రాన అడ్డేం లేదు. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్, ఎక్కువ మోతాదు స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, గుడ్డు తింటే ఒంటికి తీవ్రంగా పడనివాళ్లు వేయించుకోకూడదు. వీళ్లకు డాక్టరు కారణం రాసి, సంతకం చేసి, ముద్ర వేసి మినహాయింపు పత్రం ఇవ్వవచ్చు. దాన్ని ఒప్పుకోవడమా మానడమా అనేది అవతలి దేశం ఇష్టం, ఓడ కంపెనీ ఇష్టం. అందుకని కంపెనీ నుంచి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నాకే డబ్బు కట్టాలి. మా మాట అడిగితే, పెద్దవాళ్లకు ఆ రేవులు లేని ఓడను ఎంచుకోవడమే మేలంటాం. సముద్రం ఎక్కడైనా సముద్రమే కదా.

మన పేర్లతో ఇంకో తంటా. ఆధార్‌లో నాలుగు పొడి అక్షరాల తర్వాత మూర్తి అని ఉంటుంది, పాస్‌పోర్టులో ఆ నాలుగూ విడమర్చి ఇంటిపేరుతో సహా ఉంటాయి. టికెట్టు ఆధార్ చూసి కొంటారు, టీకా పుస్తకం నోటిమాట విని రాస్తారు. టికెట్టులోనూ టీకా పుస్తకంలోనూ పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా ఉండాలి. పుస్తకంలో మీ సంతకం, పాస్‌పోర్టు నంబరు, కేంద్రం ముద్ర పడ్డాయో లేదో అక్కడే నిలబడి చూసుకోండి. దుబాయ్‌లో ఓడ ఎక్కేవాళ్లు మరో సంగతి గమనించాలి. పాస్‌పోర్టులో ఒకే పేరుండి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే, విజిటింగ్ వీసా మీద వచ్చేవాళ్లను 2022 నవంబరు నుంచి అక్కడ రానివ్వడం లేదు.

వీసాలో పొరపాటంతా ‘సింగిల్ ఎంట్రీ’ అన్న రెండు మాటల్లో, అంటే ఒక్కసారే ప్రవేశమన్న షరతులో ఉంటుంది. సింగపూర్‌లో ఎక్కి మలేసియాలోని పెనాంగ్, థాయిలాండ్‌లోని ఫుకెట్ చూసి మళ్లీ సింగపూర్‌లో దిగితే అది రెండో ప్రవేశం. ఏథెన్స్‌లో ఎక్కి టర్కీలోని కుషాదసీలో ఆగితే షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమి) దాటినట్టే, తిరిగి గ్రీసులో అడుగుపెట్టాలంటే మల్టిపుల్ ఎంట్రీ, అంటే పలుసార్ల ప్రవేశం ఉన్న వీసా కావాలి. టర్కీ వీసా సంగతి విడిగా కనుక్కోవాలి. క్రొయేషియా 2023 జనవరి 1న షెంగెన్‌లో చేరింది, పక్కనే ఉన్న మాంటెనెగ్రో చేరలేదు. క్రొయేషియాలోని డుబ్రోవ్నిక్, మాంటెనెగ్రోలోని కోటోర్ ఒకే ఓడలో చూసేవాళ్లకు ఈ తేడా తెలియాలి. షెంగెన్‌కు కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. దరఖాస్తు 6 నెలల ముందు నుంచి 15 రోజుల ముందు వరకు పెట్టుకోవచ్చు, ఆ చివరి 15 రోజుల దాకా ఆగడం మాత్రం కొరివితో తల గోక్కోవడమే. సియాటిల్ నుంచి అలాస్కా వెళ్లే ఓడ కెనడాలోని విక్టోరియాలో ఆగడం మామూలు. విదేశీ జెండా ఉన్న ఓడ మధ్యలో పరాయి దేశపు రేవును తాకకుండా అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను తిప్పకూడదని 1886 నాటి చట్టం ఒకటుంది. ఆ పాత చట్టం పుణ్యమా అని మన పెద్దవాళ్లకు అమెరికా వీసాతోపాటు కెనడా వీసా కూడా కావాలి. అమెరికా పౌరులైన పిల్లలు కొన్ని ఓడల్లో జనన ధ్రువీకరణ పత్రంతో వెళ్లిపోగలరు. ఆ సౌకర్యం భారత పాస్‌పోర్టుకు లేదు.

సింగపూర్, మలేసియా, థాయిలాండ్ అడిగే అరైవల్ కార్డులు (దిగేముందు వివరాలు నింపి పంపేవి) ఆన్‌లైన్‌లో ఉచితం, ప్రయాణానికి 3 రోజుల లోపు నింపాలి. వాటికి డబ్బు అడిగితే ఇవ్వకండి. కోవిడ్ పత్రాల గొడవ దాదాపు ముగిసింది. అమెరికా 2023 మేలో ఆ షరతు ఎత్తేసింది, మన దేశంలో దిగేవాళ్లు నింపాల్సిన ఎయిర్ సువిధ ఫారం 2022 నవంబరులో ఎత్తేశారు, తర్వాత కొన్ని దేశాల వాళ్లకు మళ్లీ పెట్టినా 2023 ఫిబ్రవరిలో అదీ పోయింది. ఫ్లూ టీకా ఎవరూ అడగరు గానీ పెద్దవాళ్లు రెండు వారాల ముందు వేయించుకుంటే మంచిది. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌కు ఇంకా టీకా లేదు. దానికి చేతికి రాసుకునే శానిటైజర్ అంతగా పనిచేయదు, సబ్బునీళ్లే గతి.

పత్రం లోపించి రేవులో ఆపేస్తే టికెట్టు డబ్బు వెనక్కి రాదు. పత్రాల బాధ్యత ప్రయాణికుడిదేనని టికెట్టు షరతుల్లో సన్నగా రాసే ఉంటుంది. అందుకే ట్రావెల్ ఏజెంట్లను, మిమ్మల్ని కోరేది ఒక్కటే. ప్రతి ప్రకటనలో, ప్రతి రశీదు మీద రేవుల పేర్లు వరసగా, తేదీలతో వేయించండి. ఏ వీసా ఎన్నిసార్ల ప్రవేశానికి కావాలో, ఎల్లో ఫీవర్ టీకా కావాలో అక్కర్లేదో పక్కనే రెండు లైన్లు ఉండాలి. ప్రకటనకు అయ్యే ఖర్చులో ఆ రెండు లైన్లు ఏపాటి?

ఇంకొక్క మాట. రేవులో పెద్ద పెట్టెలు తీసేసుకుంటారు, అవి గదికి చేరేసరికి సాయంత్రం కావచ్చు. టీకా పుస్తకం, వీసా కాగితాలు, రోజువారీ మందులు చేతిసంచిలోనే పెట్టుకోండి.

ఇట్లు,
ప్రయాణ పత్రాలు, ప్రయాణ టీకాల పని చూసేవాళ్లం కొందరం,
అమలాపురం