రంగంలో ఒక్క రోజు

యాంగాన్,
2019 జనవరి 22, రాత్రి

చిన్నీ,

భోంచేసి పడుకున్నావా తల్లీ? నాకు నిద్ర రావడం లేదు. పొద్దుటి నుంచి నడిచీ నడిచీ కాళ్ళు పీకుతున్నాయి, మనసు మాత్రం ఇంకా రోడ్ల మీదే ఉంది. రేపు తెల్లారగానే బ్యాంకాక్ విమానం ఎక్కాలి. ఫోన్‌లో చెప్తే సగం మరిచిపోతానని, హోటల్ వాళ్ళిచ్చిన కాగితాల మీద రాస్తున్నాను. దాచుకో.

మా టీచర్ల బృందంతో బ్యాంకాక్ దాకా వచ్చి, ఒక్క రోజు కోసం నేనొక్కదాన్నే ఇటు వస్తానంటే మీ నాన్న ఎంత టెన్షన్ పడ్డారో నీకు తెలుసు. "ఒక్క రోజులో ఏం చూస్తావమ్మా?" అని నువ్వూ అడిగావు. అప్పుడు సరిగా చెప్పలేకపోయాను. బర్మాలోని ఈ ఊరు మన ఇంట్లో యాంగాన్ కాదు, రంగూన్ కూడా కాదు. రంగం. అమ్మమ్మ వాళ్ళ నాన్న, అంటే నాకు తాత, పదిహేడేళ్ళప్పుడు విశాఖలో స్టీమర్ ఎక్కి రంగం వెళ్ళాడు. ఎనిమిదేళ్ళు రేవులో బియ్యం బస్తాలు మోశాడు. 1942లో నడిచి తిరిగొచ్చాడు. మాకు తెలిసిందల్లా ఈ మూడు ముక్కలే. ఇంకేం అడిగినా తాత లేచి వాకిట్లోకి వెళ్ళిపోయేవాడు.

ఆయన చనిపోయినప్పుడు నాకు పన్నెండేళ్ళు. అప్పటి నుంచి ఈ ఊరు చూడాలని ఉంది.

చీకటితోనే లేచి ముందు ష్వేడగోన్ పగోడా‌కు వెళ్ళాను. తెల్లవారుజామున నాలుగింటికే తలుపులు తీస్తారు. నువ్వెప్పుడైనా వస్తే ఆ వేళకే వెళ్ళు. సాక్సు కూడా విప్పేసి ఉత్త కాళ్ళతో నడవాలి, ఎండెక్కితే ఆ చలవరాయి మీద అడుగు పెట్టలేం. విదేశీయులకు టికెట్టు 10,000 చాట్లు, మన లెక్కలో నాలుగున్నర వందలు దాటుతుంది. దాదాపు వంద మీటర్ల ఎత్తు బంగారు స్తూపం. బుద్ధుడి తల వెంట్రుకలు ఎనిమిది అందులో ఉన్నాయని, తపుస్స, భల్లిక అనే ఇద్దరు అన్నదమ్ములు, వ్యాపారులు, వాటిని తెచ్చారని వీళ్ళ నమ్మకం. ఫొటోల్లో చూసి బంగారమేగా అనుకున్నాను. తెల్లారే ముందు ఆ పసుపు వెలుగులో, చీపుళ్ళు పట్టుకుని వరుసగా నిలబడి నేల ఊడుస్తున్న ఆడవాళ్ళను చూసేసరికి నా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

స్తూపం చుట్టూ పుట్టిన వారాన్ని బట్టి మొక్కుకునే చోట్లున్నాయి. వారాలు ఏడైనా చోట్లు ఎనిమిది, బుధవారాన్ని పొద్దున, మధ్యాహ్నం అని రెండు చేశారు. ఒక్కో దానికి ఒక్కో జంతువు. నాది గురువారం కాబట్టి ఎలుక. నీది శనివారం, నాగు. అక్కడి బుద్ధుడి విగ్రహం మీద చిన్న గిన్నెతో నీళ్ళు పోస్తారు. నీ పేరు చెప్పుకుని నీ వయసుకు సరిపడా పోశాను. పక్కనున్న పెద్దావిడ నేను లెక్క తప్పకుండా వేళ్ళు మడిచి చూపించింది. ఆవిడ చెంపలకు థనకా రాసుకుంది, ఒక చెట్టు బెరడును సానమీద గంధంలా అరగదీసి పూసుకుంటారు. ఒకరి మాట ఒకరికి రాదు. అయినా ఆ పది నిమిషాలూ నాకు తోడున్నది ఆవిడే.

బయటికొచ్చి రోడ్డు పక్క ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని మొహింగా తిన్నాను. చేపల పులుసులో బియ్యపు సేమ్యా వేసి, అరటి దవ్వ ముక్కలు కలిపి ఇస్తారు. మొదటి గుటకకే, మా చిన్నప్పుడు తాత చేపల పులుసులో అరటి దవ్వ వేయమని పోరేవాడని గుర్తొచ్చింది. అమ్మమ్మ వాళ్ళమ్మ విసుక్కునేది, ఇదెక్కడి వంటని. ఇదిగో, ఇక్కడి వంట. చెంచా కింద పెట్టి కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

అక్కడికి దగ్గర్లోనే ఆఖరి మొగల్ చక్రవర్తి బహదూర్ షా జఫర్ సమాధి ఉంది. ఢిల్లీ నుంచి ఇక్కడికి తెచ్చి బందీగా ఉంచితే 1862లో ఇక్కడే పోయాడు. బర్మా ఆఖరి రాజు థీబోనేమో 1885లో గద్దె దించి మన రత్నగిరికి పట్టుకుపోయారు. ఆయన అక్కడే పోయాడు. ఎవరి మట్టి వాళ్ళకు దక్కకుండా చేశారు చూడు.

తర్వాత నడిబొడ్డుకు వచ్చాను. రోడ్ల కూడలి మధ్యలో సూలే పగోడా, చుట్టూ బస్సులు. ఈ ఊళ్ళో మోటారు సైకిళ్ళకు అనుమతి లేదు, మన విశాఖ ట్రాఫిక్‌కు అలవాటు పడ్డ చెవులకు అదే పెద్ద వింత. బండ్లు కుడి పక్కన నడుస్తాయి, కానీ చాలా కార్లకు స్టీరింగ్ కూడా కుడి పక్కనే. సెక్రటేరియట్ ఎర్ర ఇటుకల భవనాన్ని గేటు బయటి నుంచే చూశాను. బర్మా స్వాతంత్ర్య నాయకుడు ఆంగ్ సాన్‌ను, ఆయన మంత్రులను 1947 జూలై 19న కాల్చి చంపింది అందులోనే. ఆయనకు అప్పటికి 32 ఏళ్ళు. స్కాట్ మార్కెట్‌లో నీకు ఒక లుంగీ గుడ్డ, పులియబెట్టిన టీ ఆకు పొట్లం కొన్నాను. టీ ఆకును ఇక్కడ పల్లీలు, వేయించిన పప్పులతో కలిపి తింటారు, వగరుగా బాగుంటుంది. ఊరంతా చుట్టే రైలు ఎక్కాలనుంది కానీ ఒక్క చుట్టుకే మూడు గంటలు, మానేశాను. ఆ మూడు గంటలూ నాకు రేవు దగ్గర కావాలి.

పన్సోడాన్ వీధి పట్టుకుని నది వైపు నడిచాను. రెండు పక్కలా తెల్లవాళ్ళ కాలపు బ్యాంకులు, ఆఫీసులు, గోడల సందుల్లోంచి రావి మొక్కలు. 1930ల్లో ఈ ఊరి జనంలో సగానికి పైగా మన దేశం వాళ్ళే. బస్తాలు మోసేవాళ్ళు, రిక్షా లాగేవాళ్ళు ఎక్కువ మంది తెలుగువాళ్ళు. కోరంగి రేవు పేరు మీద వాళ్ళను ఇక్కడ కోరంగీలు అనేవారు. కూలీలను కుదిర్చే మేస్త్రి అప్పిచ్చి ఓడ ఎక్కించేవాడు, ఆ అప్పు తీరేదాకా కూలిలో కోసుకునేవాడు.

1930 మేలో ఈ రేవులోనే మనవాళ్ళు కూలి పెంచమని సమ్మె చేశారు. ఓడల్లో సరుకు దించే కంట్రాక్టు పెద్దలు వాళ్ళ బదులు బర్మా వాళ్ళను పనిలో పెట్టుకున్నారు. సమ్మె తీరి మనవాళ్ళు తిరిగి రాగానే ఆ బర్మా వాళ్ళను పొమ్మన్నారు. అంతే, 26న కొట్లాట మొదలైంది. రోజుల తరబడి చంపుకున్నారు. పోయినవాళ్ళలో ఎక్కువ మంది మనవాళ్ళే. నాకు ఆ బర్మా కూలీల మీద కోపం రావడం లేదు చిన్నీ. ఆకలితో ఉన్న ఇద్దరిని ఒకే బస్తా దగ్గరికి పిలిచిన వాళ్ళ మీదే నా కోపమంతా. ఇంత జరిగిన నాలుగేళ్ళకు తాత ఇక్కడికే వచ్చాడు. ఊళ్ళో తిండి ఎలా ఉండి ఉంటే వచ్చాడో!

1941 డిసెంబర్ 23న జపాన్ వాళ్ళు ఈ ఊరి మీద బాంబులు వేశారు. లక్షల మంది ఇండియాకు నడక పట్టారు. వేల మంది కలరాతో, ఆకలితో కొండల్లోనే పోయారు. తాత వాకిట్లోకి ఎందుకు లేచిపోయేవాడో ఇవాళ కొంచెం అర్థమైంది.

డాలా వెళ్ళే పడవ ఎక్కాను. పది నిమిషాల్లో అవతలి ఒడ్డు. జనం మేత విసురుతుంటే తెల్లటి పక్షులు చేతుల దాకా వచ్చి అందుకుంటున్నాయి. నది మధ్య నుంచి వెనక్కి చూస్తే ఊరు వెడల్పుగా కనిపించింది. స్టీమర్ మీంచి తాత మొదట చూసింది ఈ ఒడ్డే అయ్యుంటుంది, పదిహేడేళ్ళవాడు, నీకన్నా చిన్నవాడు.

తిరిగొచ్చాక పక్క రేవులో ఇంకా మనుషులే బస్తాలు మోయడం చూశాను. చెక్క పలక మీద వరుసగా దిగుతున్నారు. ఒడ్డున ఒకతను గట్టిగా లెక్క పెడుతున్నాడు: "తిత్, నిత్, తోన్, లే, ఙా..."

చిన్నీ, నాకు ఒళ్ళు జలదరించింది. తాత మాకు మామిడిపళ్ళు పంచేటప్పుడు ఇలాగే లెక్క పెట్టేవాడు. మమ్మల్ని నవ్వించడానికి ఏదో దెయ్యాల భాష అంటున్నాడనుకునేవాళ్ళం. ఐదు కాగానే మళ్ళీ మొదటికి వచ్చేవాడు, ఎందుకంటే మేం పిల్లలం ఐదుగురమే. ఐదు తర్వాత ఏమిటో మాకు ఎప్పుడూ తెలియలేదు. అక్కడే నిలబడి విన్నాను. ఆరు అంటే "చౌక్".

ఎల్లుండి రాత్రికి ఇంట్లో ఉంటాను. ఈలోగా అమ్మమ్మతో మాట్లాడితే రేవు సంగతి మాత్రం చెప్పకు. నేనే వెళ్ళి, పక్కన కూర్చుని, ఆరు దాకా లెక్క పెట్టి వినిపిస్తాను.

మీ అమ్మ