డిస్నీ డైనింగ్ ప్లాన్‌ను ఇకపై అడిగితేనే కలుపుతాం

నమస్కారం. ఓర్లాండో ట్రిప్పులు మా ఆఫీసు ద్వారా బుక్ చేసుకునే కుటుంబాలన్నిటికీ ఒక మార్పు గురించి చెప్పాలి. అక్కడి వినోద పార్కుల సముదాయం వాల్ట్ డిస్నీ వరల్డ్‌కు ఇచ్చే కొటేషన్లలో, భోజనాలకు ముందే డబ్బు కట్టే డైనింగ్ ప్లాన్‌ను ఇకపై మేమే కలిపి పంపం. కావాలని అడిగిన వాళ్లకు వాళ్ల ఇంటి లెక్క విడిగా వేసి చూపించి, అప్పుడు కలుపుతాం. కొత్త కొటేషన్లు చూసి "అందరూ తీసుకుంటున్నారు కదండీ, మాకెందుకు తీసేశారు?" అని కొందరు ఫోన్ చేశారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. మా ఆదాయం ప్యాకేజీ మీద వచ్చే కమిషన్. ప్లాన్ కలిపితే ప్యాకేజీ ధర పెరుగుతుంది, దానితోపాటు మా కమిషనూ పెరుగుతుంది. కాబట్టి ఈ నిర్ణయం వల్ల మాకు వచ్చేది తగ్గుతుంది. తెలిసే తీసుకున్నాం. తిరిగొచ్చాక మీరు బంధువులకు మా నంబర్ ఇస్తేనే ఈ వ్యాపారం నడుస్తుంది.

కొత్తవాళ్ల కోసం ప్లాన్ ఏమిటో క్లుప్తంగా చెబుతాను. డిస్నీ రిసార్ట్ హోటల్లో ప్యాకేజీగా దిగేవాళ్లకే ఇది దొరుకుతుంది. ఎన్ని రాత్రులుంటే అన్ని రాత్రులకూ ముందే డబ్బు కట్టాలి. పెద్ద ప్లాన్‌లో రాత్రికి కూర్చున్న చోటికే వెయిటర్ తెచ్చిపెట్టే టేబుల్ సర్వీస్ భోజనం ఒకటి, కౌంటర్ దగ్గర తీసుకునే క్విక్ సర్వీస్ భోజనం ఒకటి, ఒక స్నాక్ వస్తాయి. చిన్న ప్లాన్‌లో రెండు క్విక్ సర్వీస్ భోజనాలు, ఒక స్నాక్. రెండింటిలోనూ హోటల్లో కూల్‌డ్రింకులు నింపుకునే మగ్ మనిషికొకటి ఇస్తారు. కోవిడ్‌తో 2020లో ఆగిపోయిన ఈ పథకం 2024 జనవరి 9న తిరిగి మొదలైంది. అప్పటి ధర పెద్ద ప్లాన్‌కు పెద్దవాళ్లకు రాత్రికి 94.28 డాలర్లు, 3 నుంచి 9 ఏళ్ల పిల్లలకు 29.69. చిన్న ప్లాన్ 57.01, పిల్లలకు 23.83. తర్వాత ఇంకాస్త పెరిగాయి.

ఇప్పుడు మనవాళ్లు అక్కడ ఏం తింటారో చూద్దాం. మా దగ్గరికి వచ్చే కుటుంబాల్లో చాలామంది శాకాహారులు, లేదా చికెన్ తప్ప వేరే మాంసం ముట్టనివాళ్లు. మందు తాగేవాళ్లు తక్కువ. టేబుల్ సర్వీస్‌లో ఒక వెజ్ వంటకం, ఒక సోడా, ఒక డెజర్ట్ తీసుకుంటే పన్నుతో కలిపి 45 డాలర్ల లోపే. కౌంటర్ భోజనం ఇరవై చిల్లర. స్నాక్ ఏడో ఎనిమిదో. మొత్తం కలిపితే 70, 75 మధ్య తేలుతుంది. ప్లాన్ కోసం కట్టేది 2024 ధర ప్రకారమే 94. అంటే మనిషికి రోజుకు 20 డాలర్లు ఊరికే పోతున్నాయి. దంపతులు, వాళ్లతో అమ్మమ్మ, తాతయ్య, 5 రాత్రులు అనుకుంటే అదే 400 డాలర్ల దాకా వెళుతుంది.

ప్లాన్ గిట్టుబాటయ్యేది స్టేక్ తిని, కాక్‌టెయిల్ తాగి, డెజర్ట్ వదలని వాళ్లకు. 21 ఏళ్లు దాటినవాళ్లకు భోజనంతో పాటు ఒక మద్యం డ్రింక్ 2018 నుంచి ప్లాన్‌లోనే వస్తోంది. మందు తాగనివాళ్లు ఆ చోట మిల్క్‌షేకో స్మూతీయో తీసుకోవచ్చు, అవి దొరికే చోట తప్పకుండా తీసుకోండి. కానీ కాక్‌టెయిల్ ధరతో అది సరిపోలదు.

అసలు ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఒకే బుకింగ్‌లో ఉన్న 3 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ ప్లాన్ తీసుకోవాలి. మనవాళ్లకు ఎక్కువగా దెబ్బ తగిలేది ఈ నిబంధనతోనే. తాతగారికి షుగర్, డెజర్ట్ ముట్టరు. అమ్మమ్మగారు సాయంత్రం పెరుగన్నం తప్ప ఏమీ వద్దంటారు. అయినా ఇద్దరికీ పూర్తి పెద్దవాళ్ల ధర. పదేళ్లు నిండిన పిల్లవాడికీ అదే ధర, వాడు సగం ప్లేటే తిన్నా సరే.

డబ్బు కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసిందీ ఒకటుంది. ముందే డబ్బు కట్టిన మనిషి తినే తీరే మారిపోతుంది. ప్లాన్‌లో ఒక్కో భోజనం, ఒక్కో స్నాక్ మామూలుగా ఒక క్రెడిట్ కింద లెక్క. ఆకలిని బట్టి కాక, మిగిలిన క్రెడిట్లను బట్టి తింటాడు. మెనూ చూడగానే కళ్లు కుడివైపు ధరల మీదకు వెళతాయి, అన్నిటికంటే ఖరీదైనది ఏదో దాన్నే ఆర్డర్ చేస్తాడు. వాడని క్రెడిట్లు హోటల్ గది ఖాళీ చేసే రోజు రాత్రి 12తో పోతాయి కాబట్టి, చివరి రోజు పార్కులో తిరగాల్సినవాళ్లు స్నాక్ కౌంటర్ల ముందు నిలబడి మూటలు కట్టించుకుంటారు. టేబుల్ సర్వీస్ భోజనం అంటే వెళ్లిరావడంతో కలిపి రెండు గంటలు. ప్లాన్ ఉంటే అది దాదాపు రోజూ తప్పదు. ఎండాకాలం మధ్యాహ్నం పెద్దవాళ్లకు ఆ ఏసీలో కూర్చోవడం హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ ఎప్పుడు కూర్చోవాలో మన ఒళ్లు చెప్పాలి, రెండు నెలల ముందు చేసిన బుకింగ్ చెప్పకూడదు.

రెస్టారెంట్ల మీద కూడా దీని ప్రభావం ఉంది. ఈ ప్లాన్ 2005లో మొదలైనప్పుడు స్టార్టరు, టిప్పు కూడా కలిసే ఉండేవి. 2008లో రెండూ తీసేశారు. జనం తక్కువుండే నెలల్లో గదులు నింపడానికి ప్లాన్‌ను ఉచితంగా ఇచ్చే ఆఫర్ కూడా ఆ తొలి ఏడాదే వచ్చింది. గదులు నిండాయి, వాటితో పాటు టేబుళ్లూ నిండాయి. చేతిలో క్రెడిట్లున్న వాళ్లంతా రోజుకో టేబుల్ వెతుక్కుంటారు కదా. ఆరు నెలల ముందే బుకింగులు, ఒకే రాత్రికి రెండు మూడు చోట్ల టేబుల్ పట్టిపెట్టి చివర్లో ఒక్కదానికే వెళ్లడం మామూలైపోయింది. చెప్పకుండా మానేస్తే మనిషికి 10 డాలర్ల జరిమానాను 2013లో డిస్నీ చాలా రెస్టారెంట్లకు విస్తరించింది. ఇప్పుడు బుకింగ్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. డిస్నీ హోటల్లో దిగేవాళ్లు తమ బసలో పది రోజుల దాకా ఒకేసారి చేసుకోవచ్చు. ప్లాన్ ఉంటే టేబుల్ ఖాయం అని కొందరు అనుకుంటున్నారు. కాదు. డబ్బు కట్టినా టేబుల్ కోసం మిగతా అందరితో పాటు పోటీపడాల్సిందే.

టిప్పు కూడా వేరే. ఆరుగురు, అంతకు మించి ఉంటే 18 శాతం బిల్లులోనే వేస్తారు, అదీ భోజనం అసలు ధర మీద. "అంతా కట్టేశాం కదా" అన్న ధీమాతో కూర్చున్నవాళ్లకు ఆ కాగితం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఇంత చెప్పాక, ప్లాన్ నిజంగా లాభించేవాళ్లూ ఉన్నారని చెప్పకపోతే అన్యాయం. 3 నుంచి 9 ఏళ్ల పిల్లలున్న ఇల్లు, మిక్కీ మిన్నీ టేబుల్ దగ్గరికి వచ్చి పలకరించే క్యారెక్టర్ బఫేలు మూడు నాలుగైనా కావాలనుకునే ఇల్లు. చెఫ్ మిక్కీస్ లాంటి చోట రాత్రి పూట పిల్లల బఫే ఒక్కటే 40 డాలర్ల చుట్టుపక్కల ఉంటుంది, పెద్దవాళ్లది 60 దాటుతుంది. దానికి ఒక్క క్రెడిటే. పిల్లల ప్లాన్‌కు ఆ రాత్రికి కట్టిన డబ్బు ఆ ఒక్క భోజనంతోనే తీరిపోతుంది. అదే సిండరెల్లాస్ రాయల్ టేబుల్‌కు వెళితే రెండు క్రెడిట్లు పోతాయి, అది గుర్తుంచుకోండి. 2026లో 3 నుంచి 9 ఏళ్ల పిల్లలకు ప్లాన్ ఉచితమని డిస్నీ ప్రకటించింది. మంచి ఆఫరే. కాకపోతే పెద్దవాళ్లు ప్లాన్ కొనాలి, ప్యాకేజీ డిస్కౌంట్ లేని పూర్తి ధరకు తీసుకోవాలి. గది మీద వచ్చే తగ్గింపు వదులుకుని పిల్లల ప్లాన్ తీసుకోవడం లాభమా అన్నది ఒక్కో ఇంటికి ఒక్కో రకంగా తేలుతుంది. ఈ రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి మీకు పంపిస్తాం.

ప్లాన్ లేకపోతే ఏం తినాలి అని బెంగ వద్దు. యానిమల్ కింగ్‌డమ్ లాడ్జ్ అనే డిస్నీ హోటల్లోని సనా రెస్టారెంట్లో బ్రెడ్ సర్వీస్ అని ఉంది, మనవాళ్లకు నేను మొదట చెప్పేది అదే. నాన్ లాంటి మన రొట్టెలు, తొమ్మిది రకాల నంజుళ్లు, వాటిలో రైతా, వెల్లుల్లి పచ్చడి కూడా. కిటికీ అవతల జిరాఫీలు తిరుగుతుంటాయి. అది స్టార్టరు కింద లెక్క కాబట్టి మామూలుగా ప్లాన్‌లో రాదు. డబ్బిచ్చి ఇద్దరికొకటి చెప్పుకుంటే కడుపు నిండుతుంది. పార్కుల్లోకి బయటి తిండి తీసుకెళ్లవచ్చు. గాజు సీసాలు, మద్యం మాత్రం కుదరవు. పొద్దున చేసిన పులిహోర డబ్బా బ్యాగులో వేసుకుంటే మధ్యాహ్నం లైను తప్పుతుంది. మొత్తం బసలో మంచి చోట రెండు భోజనాలు బుక్ చేసుకుని, మిగతావి ఆకలిని బట్టి తినండి. ఆ రెండు టేబుళ్లూ ప్లాన్ ఉన్నా లేకపోయినా మేమే 60 రోజుల ముందు ఉదయాన్నే కూర్చుని పట్టిపెడతాం, దానికి విడిగా ఏమీ తీసుకోం.

కొటేషన్ అడిగేటప్పుడు నాలుగు ముక్కలు రాయండి: పిల్లల వయసులు, ఎవరు వెజ్ ఎవరు నాన్‌వెజ్, మందు తీసుకునేవాళ్లు ఉన్నారా, పెద్దవాళ్లకు తిండి విషయంలో పట్టింపులేమైనా ఉన్నాయా. ఇప్పటికే ప్లాన్‌తో బుక్ చేసుకున్నవాళ్లు తీసేయాలనుకుంటే చివరి చెల్లింపు తేదీ లోపు చెప్పండి. అది మీరు చేరే రోజుకు 30 రోజుల ముందు వస్తుంది. వాళ్లందరికీ ఈ వారంలోనే మేమే ఫోన్ చేసి, వాళ్ల లెక్క చదివి వినిపిస్తాం.