రికార్డులో ఉన్నదే ఇంటర్వ్యూలో తప్పయింది

సంపాదకులకు నమస్కారం.

నేను పల్నాడు జిల్లాలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ మూడో ఏడాది చదువుతున్నాను. ఈ మూడు నెలల్లో సాఫ్ట్‌వేర్ ఇంటర్న్‌షిప్ కోసం రెండు కంపెనీల టెక్నికల్ ఇంటర్వ్యూలకు హాజరయ్యాను. రెండు చోట్లా ఎంపిక కాలేదు. ఆ బాధ చెప్పుకోవడానికి రాస్తున్న ఉత్తరం కాదిది. రెండేళ్లుగా మా ల్యాబుల్లో మేం చేస్తున్నదేమిటో ఆ ఇంటర్వ్యూలయ్యాకే నాకు తెలిసివచ్చింది. అది కాలేజీల వారి చెవిన పడితే మంచిదనిపించింది.

ముందు ఆన్‌లైన్ పరీక్ష. తొంభై నిమిషాలు, రెండు ప్రోగ్రాములు. కెమెరాలో ఇంకో మనిషి కనిపించినా, మైకులో ఇంకో గొంతు వినిపించినా హెచ్చరిక. మూడు హెచ్చరికలయితే పరీక్ష మూసుకుపోతుంది. మా ఇంట్లో సిగ్నల్ సరిగ్గా అందేది ముందు వసారాలోనే. అక్కడే అమ్మమ్మ మిరపకాయల తొడిమెలు తీస్తూ కూర్చుంటుంది. ఎండకు పిల్ల గొంతు ఆరిపోతుందని మజ్జిగ గ్లాసు తెచ్చి నా పక్కన పెట్టింది. వెంటనే తెర మీద ఎర్రటి అక్షరాలు. అలా మొదటి హెచ్చరిక మజ్జిగ ఖాతాలో పడింది. రెండోది వీధిలో ఉల్లిపాయలమ్మే ఆటో మైకు పుణ్యం. మూడోది ఎటునుంచి వస్తుందోనని ఒక చెవి అటే వేసి మిగతా పరీక్ష రాశాను. ఎలాగో గట్టెక్కాను.

వారం తర్వాత ఇంటర్వ్యూ. లింక్డ్ లిస్టులో, అంటే ఒక్కో నోడ్ (గడి) తన తర్వాతిది ఎక్కడుందో చెప్పే గొలుసులో, సరిగ్గా మధ్యలో ఉన్న నోడ్‌ను ఒకే చుట్టులో కనుక్కోమన్నారు. అది నాకు కంఠతా వచ్చు. ఒక పాయింటర్ (నోడ్ ఎక్కడుందో చూపే గుర్తు) ఒక్కో అడుగు, ఇంకోటి రెండేసి అడుగులు వేస్తాయి. వేగంగా వెళ్లేది చివరికి చేరేసరికి నెమ్మదిగా వెళ్లేది మధ్యలో ఉంటుంది. నోరు విప్పకుండా నాలుగు నిమిషాల్లో రాసి పెట్టాను. ‘‘ఇంతకుముందు చేశారా?’’ అని అడిగారు ఇంటర్వ్యూ చేస్తున్నాయన. లేదన్నాను. అబద్ధం. అప్పటికి మూడుసార్లు చేశాను. ఆయన నవ్వి, ఆ లిస్టు చివర తిరిగి మధ్యలోకే కలిసిపోయి ఉంటే, ఆ కలిసే చోటును ఎలా పట్టుకుంటారన్నారు. అక్కడితో నా దగ్గరున్న సరుకు అయిపోయింది. ఆలోచిస్తున్నాను, కానీ తెలుగులో, అదీ మనసులో. ఏమనుకుంటున్నారో పైకి చెప్పమని ఆయన రెండుసార్లు ఇంగ్లీషులో అడిగారు. ఆలోచన పూర్తిగా తేలకముందే నోరు తెరవడం మాకు ఏ తరగతిలోనూ అలవాటు లేదు. తెలిస్తే చెప్పాలి, తెలియకపోతే తల వంచుకోవాలి. నేను తల వంచుకున్నాను.

తర్వాత బైనరీ సెర్చి రాయమన్నారు. నిఘంటువులో మాట వెతికేటప్పుడు సగానికి తెరిచి, అటో ఇటో తేల్చుకుని, మళ్లీ అందులో సగానికి వెళ్తాం కదా, అదే పద్ధతి. ల్యాబ్ ప్రోగ్రాములు రాసి సంతకం పెట్టించుకునే రికార్డు పుస్తకంలో ఉన్నట్టే రాశాను. పట్టికలో మొదటి స్థానం, చివరి స్థానం కూడి రెండుతో భాగిస్తే మధ్య వస్తుంది. ‘‘ఈ రెండూ చాలా పెద్ద సంఖ్యలయితే?’’ అన్నారు. నాకు ప్రశ్నే అర్థం కాలేదు.

ఇంటర్వ్యూ అయ్యాక వెతికి చదివాను. కంప్యూటర్లో రుణ సంఖ్యలకూ చోటిచ్చే ముప్పై రెండు బిట్ల పూర్ణాంకంలో పట్టే అతి పెద్ద సంఖ్య 2,147,483,647. కూడినప్పుడు అది దాటితే మొత్తం కాస్తా రుణ సంఖ్య అయి కూర్చుంటుంది. సుమారు 107 కోట్లకు మించిన అంశాలున్న పట్టికలో అలా జరగవచ్చు. చివరి స్థానంలోంచి మొదటిది తీసేసి, ఆ తేడాలో సగాన్ని మొదటిదానికి కలిపితే ఇబ్బంది లేదు. జావా అనే ప్రోగ్రామింగ్ భాషతో పాటు వచ్చే లైబ్రరీలోని బైనరీ సెర్చిలోనే ఈ తప్పు దాదాపు తొమ్మిదేళ్లు ఉండిపోయిందని, ఆ కోడు రాసిన జాషువా బ్లాక్ తానే 2006లో బయటపెట్టారు. అంతటివారికే తప్పలేదని కాస్త ఊరట కలిగింది. కానీ ఆయన తప్పు ఆయన చేసినది. నా తప్పు నేను చేసినది కూడా కాదు.

ఎందుకంటే మర్నాడు మా సీనియర్ అక్క రికార్డు తెచ్చి నాదాని పక్కన పెట్టి, మధ్యను లెక్కగట్టే గీతను, అంటే ఆ కోడు వరుసను, పోల్చి చూశాను. అదే గీత. ఆమెకు ఆ రికార్డు ఇచ్చిన అంతకుముందు బ్యాచి వారిదీ తెప్పించాను. అదే గీత. అంతే కాదు, అవుట్‌పుట్ కాగితంలో ‘ఎలిమెంట్’ అన్న ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం ఎగిరిపోయింది. ఆ తప్పు మూడు రికార్డుల్లోనూ అలాగే ఉంది, మూడింటి కిందా సంతకాలున్నాయి. ప్రోగ్రామును మేం పరీక్షించేది పది సంఖ్యలున్న పట్టికతో. వైవాలో (నోటి పరీక్షలో) అడిగేది ‘‘స్టాక్ అంటే ఏమిటి?’’ అని. నిర్వచనం అప్పజెప్పి బయటికి వస్తాం.

లెక్చరర్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అరవై మందికి ఇద్దరుంటారు, దానికి తోడు ఫైళ్ల పని. కానీ సెమిస్టర్ మొత్తంలో ఒక్కొక్కరినీ ఒక్కసారయినా ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, రాసిన ప్రోగ్రాములో ఒక గీత కొట్టేసి, ‘‘ఇప్పుడేమవుతుంది? పైకి చెప్పు’’ అని అడగలేరా? తెలుగులో చెప్పినా సరే, ఇంగ్లీషు తర్వాత చూసుకోవచ్చు. నేను ఇంట్లో అమ్మమ్మ ముందు కూర్చుని అదే చేశాను. తొడిమెలు తీస్తూనే వినేది. నేను ఎక్కడ ఆగితే అక్కడ ‘‘ఊఁ, ఆ తర్వాత?’’ అనేది. ఆమెకు అర్థమయిందని చెప్పను. ఆగిన ప్రతిచోటా నాకే అర్థం కాలేదని మాత్రం తెలిసింది.

రెండో ఇంటర్వ్యూలో ఆ సాధన పనికొచ్చింది. పట్టికలో ఏ రెండు సంఖ్యలు కూడితే ఇచ్చిన మొత్తం వస్తుందో కనుక్కోవాలి. ముందు మోటు పద్ధతే పైకి చెప్పాను. ప్రతి జతనూ చూడటమే. లక్ష సంఖ్యలుంటే దాదాపు 500 కోట్ల జతలని నేనే లెక్కగట్టి, ఇది పనికిరాదన్నాను. ఆ మాట నోటివెంట వచ్చాకే, చూసిన సంఖ్యలను, ఏది ఉందో లేదో వెంటనే చెప్పే హ్యాష్ టేబుల్‌లో దాచుకుంటూ పోతే ఒక్క చుట్టు చాలునని తట్టింది. అయినా ఎంపిక కాలేదు. ఎందుకో ఇంటర్వ్యూ చేసిన మేడమ్ చివర్లో చెప్పారు. ఖాళీ పట్టిక ఇస్తే ఏమవుతుందో చూసుకోకుండానే అయిపోయిందన్నానట. మొదటి కంపెనీ నుంచి వచ్చింది పేరు మార్చి అందరికీ పంపే నాలుగు వరుసల మెయిలు. కంపెనీలు ఆ మేడమ్‌లా ఒక్క వాక్యం కారణం చెబితే వాటికి పోయేదేమీ లేదు.

పోయిన వారం రికార్డులో ఆ ఒక్క గీత మార్చి రాసి ఇచ్చాను. అందరిదీ ఒకలా ఉంటే నీదొక్కటే వేరుగా ఉందేమని సారు ఎర్ర సిరాతో ఆ గీత చుట్టూ సున్నా చుట్టారు. 107 కోట్ల సంగతి చెప్పాను. శ్రద్ధగానే విన్నారు, నిజమేనన్నారు, సంతకం పెట్టారు. మిగతా యాభై తొమ్మిది రికార్డులూ అప్పటికే సంతకాలయి, బల్ల మీద దొంతరగా ఉన్నాయి.

— ఒక బీటెక్ విద్యార్థిని, పల్నాడు జిల్లా