వెడల్పు నెక్ గిటార్ల ఆర్డరు వెనక్కి పంపేశాను, ఎందుకంటే

అందరికీ నమస్కారం.

క్రిస్మస్‌కి ముందే వెడల్పాటి నెక్ (వేళ్ళతో తీగలు నొక్కే పొడవాటి కాడ) ఉన్న అకూస్టిక్ గిటార్లు తెప్పిస్తాను, తొమ్మిది వేలకే ఇస్తాను అని చెప్పి మీలో కొంతమంది దగ్గర అడ్వాన్సు తీసుకున్నాను. సరుకు వచ్చింది, కానీ అమ్మడం లేదు. అట్టపెట్టెలన్నీ మళ్ళీ ప్యాక్ చేయించి వెనక్కి పంపేశాను. అడ్వాన్సులు ఎవరివి వాళ్ళకి యూపీఐలో వేసేశాను, ఎవరికైనా అందకపోతే ఒక్క ఫోన్ చెయ్యండి.

పెట్టెలు విప్పినప్పుడు షాపులో ఉన్నవాళ్ళు "పాలిష్ బాగుంది, సౌండ్ బాగుంది, ఎందుకు పంపేస్తున్నారు?" అని అడిగారు. ఆ మాట ఊళ్ళో రకరకాలుగా తిరుగుతోంది. అందుకే మొత్తం రాస్తున్నాను.

మామూలుగా దొరికే స్టీల్ తీగల గిటార్లలో, నట్ (గిటార్ తల దగ్గర, తీగలు కూర్చునే గాడులున్న చిన్న పట్టీ) దగ్గర నెక్ వెడల్పు 43 మిల్లీమీటర్లు. యమహా ఎఫ్310 అయినా, ఎఫ్‌జీ800 అయినా అంతే. రెండు అంచుల్లో ఉండే ఆరో తీగకీ ఒకటో తీగకీ మధ్య 36 మిల్లీమీటర్లు వస్తాయనుకోండి, మధ్యలో ఉన్న అయిదు సందులకి పంచితే ఒక్కోదానికి ఏడు మిల్లీమీటర్ల పైచిలుకు. సన్నటి వేళ్ళకి అది చాలు. అదే ఎ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపుల్లో ఒకటి) పట్టుకోండి. రెండో ఫ్రెట్‌లో (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల గడిలో) పక్కపక్క తీగల మీద మూడు వేళ్ళు సర్దాలి. మిర్చి యార్డులో బస్తాలెత్తే చేతులకీ, రోజంతా ఉలీ సుత్తీ పట్టే చేతులకీ అక్కడ చోటు చాలదు. ఉంగరం వేలు కాస్త ఒరిగితే ఒకటో తీగకి తగులుతుంది, అది మోగకుండా 'టప్'మని చచ్చిపోతుంది. ఎన్ని నెలలు సాధన చేసినా ఆ చప్పుడు పోదు. చర్చిలో వాయిద్దామని ఆశపడి వచ్చినవాళ్ళు "నా వేళ్ళకి ఇది రాదులెండి" అని గిటార్ తిరిగిచ్చేస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. వాళ్ళ వేళ్ళకి ఏ లోపమూ లేదు. ఆ కొలత వాళ్ళ కోసం పెట్టింది కాదు.

వెడల్పు నెక్ గిటార్లు లోకంలో లేక కాదు. కెనడాలో చేసే సీగల్ ఎస్6కి నట్ 1.8 అంగుళాలు, అంటే 46 మిల్లీమీటర్లకి కొంచెం తక్కువ. బయటి కంపెనీలవే మరికొన్ని ఒకటీ ముప్పావు అంగుళంలో, అంటే 44.5లో వస్తాయి. గుంటూరు చేరేసరికి వాటి ధర కొత్తగా నేర్చుకునేవాళ్ళు పెట్టగలిగేది కాదు. అందుకే మనవాళ్ళ చేతనే చేయిద్దామని ఒక తయారీదారుకి ఆర్డరిచ్చాను. నట్ 46 మిల్లీమీటర్లు, ఆరో తీగ నుంచి ఒకటో తీగకి 39. రెండు అంకెలూ కాగితం మీద రాసి, బొమ్మ గీసి పంపాను. శాంపిల్ వచ్చింది. వెర్నియర్ (మిల్లీమీటరులో భాగాలు కూడా కొలిచే పరికరం) పెట్టి కొలిస్తే సరిగ్గా ఉంది. మీలో చాలామంది వాయించి చూసి "ఇదే కావాలి" అన్న గిటార్ అదే.

తర్వాత వచ్చిన లాటులో తీగల మధ్య దూరం 39 ఉంది. నెక్ మాత్రం 43! మామూలు నెక్‌కే నట్ మీద గాడులు అంచులకి జరిపి కోసేశారు.

పైకి చూస్తే తేడా తెలియదు. స్కేలు పెట్టి తీగల మధ్య కొలిచినా సరిగ్గానే ఉందనిపిస్తుంది. అంచు చూస్తే తెలుస్తుంది. 46 నెక్ మీద 39 పోగా రెండు పక్కలా మూడున్నర మిల్లీమీటర్ల చొప్పున మిగులుతుంది. 43 మీద మిగిలేది రెండే. ఫ్రెట్ కొసల్ని చెయ్యి కోసుకోకుండా ఏటవాలుగా అరగదీస్తారు కదా, ఆ వాలు పోగా తీగ నిలవడానికి ఉన్న చోటు ఇంకా తక్కువ. ఒకటో తీగ మీద వేలు పెట్టి కిందికి లాగి వదిలితే చాలు, తీగ ఫ్రెట్ మీంచి జారి నెక్ పక్కకి దిగిపోతోంది. నేను ఒక్కో గిటార్ తీసి అదే పని చేసి చూశాను. అన్నిటిదీ అదే తీరు. కొత్తగా నేర్చుకునే మనిషి దాన్ని కూడా తన చేతకానితనమే అనుకుంటాడు. నాకు ఒళ్ళు మండింది అక్కడే.

ఫోన్ చేస్తే అవతలి పెద్దమనిషి ముందు అలాంటిదేం లేదన్నాడు. వీడియో తీసి పంపాక "46 నెక్‌కి చెక్క వేస్టేజీ ఎక్కువ, మీరిచ్చే రేటుకి గిట్టదు" అన్నాడు. ఆ రేటు చెప్పింది తనే. శాంపిల్ చేసింది కూడా ఆ రేటు మీదే. గిట్టకపోతే ముందే చెప్పి రేటు పెంచమని అడగొచ్చు, పెంచేవాణ్ణి. చివరికి ఒక మాటన్నాడు. "మూడు మిల్లీమీటర్ల కోసం ఇంత గొడవా? మీ కస్టమర్లు స్కేలు పట్టుకుని కూర్చుంటారా?" అని. అవును, కూర్చుంటారు. కూర్చోమని చెప్పింది నేనే. అరచెయ్యి కొలిపించుకుని, ఏ వేలు ఎక్కడ తగులుతోందో చూపించి మరీ ఆర్డరిచ్చారు మీరంతా. ఆ మాటతో అతనితో లావాదేవీ తెగిపోయింది.

ఇక్కడిదాకా కోపం. తర్వాతది నిద్ర పట్టనివ్వని సంగతి. ఆ తయారీదారు సరుకు వెనక్కి పంపొద్దు, సగం ధరే తీసుకుంటాను అన్నాడు. లెక్క వేసి చూశాను. కొత్త నట్ వేసి, గాడులు మళ్ళీ 36కి కోసి, మామూలు గిటార్లుగా ఆరు వేలకి అమ్మినా నాకు నష్టం రాదు. టాప్ చెక్క (ముందు పలక) మంచిదే, యాక్షన్ (ఫ్రెట్ల మీద తీగల ఎత్తు) కూడా సెట్ అవుతుంది. ఇంటర్ పిల్లలకి చవగ్గా మంచి గిటార్ దొరికినట్టూ ఉంటుంది. మా ఆవిడ కూడా "లేబుల్ పీకేసి అమ్మెయ్యండి, సీజన్లో డబ్బు ఇరుక్కుపోతే ఎలా?" అంది. ఆవిడ మాటలో తప్పేం లేదు. ఆ డబ్బు చిన్నదేమీ కాదు.

కానీ సౌండ్‌హోల్‌లోంచి చూస్తే లోపల లేబుల్ కనిపిస్తుంది. దాని మీద మన షాపు పేరుంది, అంటే మా నాన్నగారి పేరు. కింద 'నట్ 46 మిమీ' అని అచ్చు. ఒకటి పీకి చూశాను, జిగురు గట్టిది, ముక్కలుగా వస్తోంది తప్ప పూర్తిగా రావడం లేదు. వచ్చినా సరే, ఆ గిటార్ ఏ ఊళ్ళోనో సెకండ్‌హ్యాండ్‌లో చేతులు మారినప్పుడు, ఫలానా షాపువాడి వెడల్పు నెక్ గిటార్ అనే చెప్పి అమ్ముతారు. లావు వేళ్ళున్న మనిషి ఎవరో కొంటాడు. ఆయనకి మళ్ళీ అదే టప్‌మనే చప్పుడు. మా నాన్నగారు అరండల్‌పేటలో తబలాలకీ హార్మోనియాలకీ రిపేర్లు చేస్తూ సంపాదించిన పేరు అది. మొండితనం అనండి, ఏమైనా అనండి, పంపేశాను. లారీ కిరాయి కూడా నేనే పెట్టుకున్నాను. అటునుంచి డబ్బు ఇంకా పూర్తిగా రాలేదు. వచ్చేదాకా అడుగుతాను, కానీ దాని భారం మీ మీద వెయ్యను.

ఇప్పుడు మీరేం చెయ్యొచ్చో చెప్తాను.

పండక్కి గిటార్ కావాల్సిందే అన్నవాళ్ళకి నా దగ్గర ఒక దారి ఉంది. పన్నెండు తీగల గిటార్‌కి నెక్ 47, 48 దాకా ఉంటుంది. దాని నట్ తీసేసి, ఎముక నట్ ఒకటి ఆరు గాడులతో కొత్తగా కోసి వేస్తే, తీగల మధ్య మీకు కావలసిన ఎడం వస్తుంది. ఆ నెక్ పన్నెండు తీగల లాగుడుకి చేసింది కాబట్టి ఆరే వేసినప్పుడు వెనక్కి వంగే అవకాశం ఉంది, ట్రస్ రాడ్ (నెక్ లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ) వదులు చేసి సెట్ చెయ్యాలి. బ్రిడ్జి (తీగల కింది కొసలు బిగించే చెక్క) దగ్గర తీగల రంధ్రాలు జతలుగా ఉంటాయి, ప్రతి జతలో ఏ రంధ్రం వాడాలో కూడా చూసుకోవాలి. గిటార్ తల కాస్త బరువనిపిస్తుంది. షాపులో రెండు మోడళ్ళున్నాయి. అడ్వాన్సు ఇచ్చినవాళ్ళకి నట్, కూలీ నేనే పెట్టుకుంటాను, గిటార్ ధర ఇస్తే చాలు.

వేళ్ళతో మీటి వాయించేవాళ్ళు, స్టీల్ సౌండే కావాలని పట్టుబట్టనివాళ్ళు నైలాన్ తీగల క్లాసికల్ గిటార్ చూడండి. యమహా సీ40కి నట్ 52 మిల్లీమీటర్లు, చోటుకి లోటుండదు. నెక్ మీది పలక చదునుగా ఉంటుంది కాబట్టి క్యాపో (శ్రుతి పెంచడానికి నెక్ మీద బిగించే క్లిప్పు) కూడా చదునుదే కొనాలి. దయచేసి దానికి మాత్రం స్టీల్ తీగలు వెయ్యకండి. నైలాన్ సెట్ మొత్తం లాగుడు 40 కిలోల చుట్టూ ఉంటే, స్టీల్ లైట్ (సన్న తీగల) సెట్‌ది 70 దాటుతుంది. బ్రిడ్జి ఊడిపోతుంది, ఆ పైన టాప్ చెక్క ఉబ్బుతుంది. అలా ఉబ్బినవి రిపేరుకి వస్తూనే ఉంటాయి.

ఆగగలిగినవాళ్ళ కోసం ఇంకొకరితో మాట్లాడాను. తక్కువ సంఖ్యలో చేస్తారు, నెక్ కోశాక ప్యాకింగ్‌కి ముందు నేనే వెళ్ళి ప్రతిదీ కొలిచి తెచ్చుకుంటాను. ఉగాదికి ముందు రావు. తొమ్మిది వేలకి రావు కూడా, పదకొండు అవుతుంది. అంతకంటే తగ్గిస్తే మళ్ళీ నెక్ దగ్గరే కోత పడుతుంది, అది నాకు ఇష్టం లేదు. ఈసారి అడ్వాన్సు వద్దు. గిటార్ షాపుకి వచ్చాక మీరే వచ్చి నట్, అంచు రెండూ కొలుచుకుని, ఎ కార్డు పట్టి, ఒకటో తీగ లాగి చూసి, నచ్చితేనే డబ్బివ్వండి. వెర్నియర్ కౌంటర్ మీదే ఉంటుంది.

పన్నెండు తీగల గిటార్ మార్పించుకునేవాళ్ళు ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చినా సరే, సాయంత్రం దాకా తీసే ఉంచుతాను. కొలతలకి మీ చెయ్యి కావాలి, కాబట్టి పిల్లల్ని పంపకుండా వాయించే మనిషే రండి.