వేలిముద్ర పడ్డ చోటు

నురెంబర్గ్, జర్మనీ,
16 నవంబర్ 2025

నాన్నగారికి,

నమస్కారాలు. "యూరప్‌లో అందర్నీ వెనక్కి పంపేస్తున్నారట, నీ సంగతేంట్రా" అని మొన్న ఫోన్‌లో అడిగారు. అమ్మ పక్కనుంచి కార్తీక దీపాల సంగతి చెబుతుంటే మీకు సరిగా జవాబు చెప్పలేకపోయాను. నాకేం భయం లేదు. నాది ఉద్యోగం మీద వచ్చిన వీసా, కార్డుకు ఇంకా గడువుంది. టీవీలో చూపించేది శరణు అడిగినవాళ్ళ గొడవ, వాళ్ళ చట్టం వేరు. ఆ చట్టం మా ఆఫీసులో వాళ్ళకంటే మీకే బాగా అర్థమవుతుంది. ముప్ఫై ఏళ్ళు తెనాలిలో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ముందు కూర్చుని దస్తావేజులు రాశారు, ఇంకు ప్యాడ్ మీద ఎంతమంది బొటనవేళ్ళు అద్దించారో. ఇదీ వేలిముద్రల వ్యవహారమే.

మా క్రికెట్ టీములో ఎడంచేత్తో బౌలింగ్ వేసే అఫ్గాన్ కుర్రాడి గురించి చెప్పాను కదా. ఆగస్టులో ఆటకి రావడం మానేశాడు. ఏమయ్యాడా అని వాకబు చేస్తే చర్చిలో ఉన్నాడన్నారు. ప్రార్థనకి కాదు, కాపురమే అక్కడ.

సంగతేంటంటే, టర్కీ దాటి యూరోపియన్ యూనియన్‌లో అడుగుపెట్టిన మొదటి దేశంలో పట్టుకుని అతని పది వేళ్ళూ గాజుపలక మీద పెట్టించారు. ఆ ముద్రలు యూరోడాక్ అనే రికార్డులోకి వెళ్తాయి, 2003 నుంచి నడుస్తోంది. ఇక్కడికొచ్చి శరణు అడిగేసరికి కంప్యూటర్ ఆ పాత ముద్ర బయటపెట్టింది. డబ్లిన్ నిబంధన అని ఒకటుంది. ఎక్కువ కేసుల్లో, మనిషి మొదట ఎక్కడ అడుగుపెట్టాడో ఆ దేశమే అతని అర్జీ తేల్చాలి. లింకు డాక్యుమెంటు ఎక్కడ రిజిస్టరయిందో అక్కడికే పొమ్మన్నట్టు.

కానీ దానికీ ఒక గడువు పెట్టారు. ఆ దేశం "సరే, పంపండి" అన్నాక ఆరు నెలల్లో పంపాలి. పంపలేకపోతే కేసు జర్మనీదే అవుతుంది. మనిషి పరారైతే మాత్రం గడువు 18 నెలలకు పెరుగుతుంది. ఇక్కడే చర్చి వస్తుంది. చర్చిలో ఆశ్రయం ఇవ్వొచ్చని ఏ చట్టంలోనూ లేదు, అయినా పోలీసులు సాధారణంగా లోపలికి వెళ్ళరు. 2015లో చర్చిలకూ వలస శాఖకూ మధ్య ఒక అవగాహన కుదిరింది. చర్చివాళ్ళు "ఫలానా మనిషి మా దగ్గరున్నాడు" అని ముందే రాసి పంపుతారు. చిరునామా తెలిసినవాణ్ణి పరారీలో ఉన్నాడనడానికి లేదని 2020లో ఇక్కడి అత్యున్నత పరిపాలనా కోర్టు తేల్చింది. కాబట్టి ఆరు నెలల గడియారం ఆగదు. అందరికీ చెప్పి మరీ దాక్కోవడమన్నమాట! మీ ప్లీడరు మిత్రుడికి చెప్పండి, సంతోషిస్తారు.

పోయిన ఆదివారం పప్పూ అన్నం పట్టుకుని వెళ్ళాను. అతని గది గోడకి మందులషాపు వాళ్ళిచ్చిన క్యాలెండరు ఉంది, గడిచిన రోజులన్నీ పెన్నుతో కొట్టేసి ఉన్నాయి. ఆరు నెలల గడువు తీరే జనవరి తేదీ చుట్టూ మాత్రం ఏ గుర్తూ పెట్టలేదు. దిష్టి తగులుతుందని అనుకుంటా, అడగలేదు. పెరట్లో ఇద్దరం టేపు చుట్టిన టెన్నిస్ బంతితో ఆడాం. నేను కొట్టిన బంతి గేటు కింద నుంచి రోడ్డు మీదకి దొర్లింది. అతను పరిగెత్తుకెళ్ళి గేటు దగ్గర టక్కున ఆగిపోయాడు. బంతి నాలుగడుగుల దూరంలో కనబడుతూనే ఉంది. నేను వెళ్ళి తెచ్చాను. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

వెనక్కి పంపితే ఏమవుతుందంటారా? కాబూల్ నుంచి వచ్చిన ఒక దుబాసీని 2009లో బెల్జియం ఇలాగే గ్రీసుకు పంపింది. అక్కడ నిర్బంధించారు, వదిలాక పార్కులో పడుకున్నాడు. 2011 జనవరిలో స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు గ్రీసుదే కాదు, పంపిన బెల్జియందీ తప్పేనంది. నియమం ఉంది కదా అని కళ్ళు మూసుకుని పంపడం కుదరదని. అలాగని నియమాన్ని ఎవరూ ఎత్తేయలేదు. ఒక్క 2022లో మాత్రం ఉక్రెయిన్ వాళ్ళ కోసం 2001 నాటి తాత్కాలిక రక్షణ చట్టం మొదటిసారి బయటికి తీశారు. నలభై లక్షల పైచిలుకు మందికి నచ్చిన దేశంలో ఉండనిచ్చారు, వేలిముద్ర మొదట ఎక్కడ పడిందని అడగకుండా. చేయాలనుకుంటే చేయగలరన్నమాట. నాకు కోపం వచ్చేది అక్కడే.

వచ్చే జూన్ 12 నుంచి కొత్త చట్టాలు వస్తున్నాయి, 2024లో ఆమోదించినవి. సరిహద్దు దేశాల మీదే భారమంతా పడకుండా మిగతావాళ్ళు కొందర్ని తీసుకోవాలి, లేదంటే తలకి 20,000 యూరోలు కట్టాలి, అదీ కాకపోతే ఇంకోలా సాయపడాలి. వేలిముద్ర తీసే వయసు 14 నుంచి ఆరేళ్ళకు దించారు. ఆరేళ్ళ పిల్లల వేళ్ళు, నాన్నగారూ.

మన దాకా వచ్చే సంగతి కూడా ఒకటుంది. బాబాయి చిన్నోడికి ఎవడో ఏజెంటు "అక్కడ దిగి శరణు అడిగితే చాలు" అన్నాడని అమ్మ చెప్పింది. వద్దనండి. "సురక్షిత దేశాలు" అని ఏప్రిల్‌లో బ్రస్సెల్స్‌లోని యూరోపియన్ కమిషన్ ప్రతిపాదించిన ఏడింటిలో ఇండియా ఉంది. ఆ దేశాలవాళ్ళ అర్జీలు గబగబా తేల్చేస్తారు, "నాకు మాత్రం ప్రమాదం ఉంది" అని రుజువు చేసుకునే బరువు అర్జీదారుడి మీదే. ఏ ఆధారంతో సురక్షితమన్నారో చూపించాలని, జడ్జీలు దాన్ని పరిశీలించవచ్చని ఆగస్టు 1న లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ కోర్టు ఒక ఇటలీ కేసులో చెప్పింది. మూలపత్రం లేనిదే మీరు కలం పట్టేవారు కాదు, అలాంటిదే. కానీ ఆ తీర్పు మనవాడికి ఉద్యోగం ఇప్పించదు. ఏజెంటుకిచ్చే లక్షలతో ఇక్కడి భాష నేర్చుకుని, కోర్సులో చేరి రమ్మనండి. నేను చూసుకుంటాను.

అమ్మ ఆవకాయ పంపేటప్పుడు బజార్లో దొరికే బరువు టెన్నిస్ బంతులు ఓ అరడజను వేయించండి. ఇక్కడివి మరీ తేలిక, గోడకి తగిలితే చాలు గేటు దాటిపోతున్నాయి.

మీ
రవి