ఆదివారం చర్చ: నీరా, కల్లు, సిర్కా (వెనిగర్)

అందరికీ అస్సలాము అలైకుమ్.

ఈ ఆదివారం మగ్రిబ్ (సూర్యాస్తమయం) నమాజు కాగానే పాత గుంటూరులో మన మసీదు పై గదికి రండి. విషయం మత్తు పదార్థాలు.

ఖుర్ఆన్ 2:219, 4:43, 5:90 ఆయతులు ఇదే వరుసలో చదివి రండి. నిషేధం అంచెలంచెలుగా ఎలా వచ్చిందో తెలుస్తుంది.

పోయిన వారం నీరా దగ్గర వాదన తెగలేదు. తెల్లవారుజామున దించినప్పుడు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేసరికి నురగ కట్టి పులుస్తుంది. మత్తెక్కించేది ప్రతిదీ ఖమ్రే (మద్యమే) అని హదీసు (ప్రవక్త మాట). మరి హద్దు ఏ గంటకు? అదే ఖమ్ర్ తనంతట తాను సిర్కాగా మారితే హలాల్. మనమే ఉప్పు వేసి మారిస్తే ఇస్లామీ ధర్మశాస్త్ర శాఖల్లో హనఫీలు సరేనంటారు, షాఫయీలు ఒప్పుకోరు. నాకు ఇదే అసలు చర్చ.

ఇంట్లో దగ్గు మందు ఉంటే, అందులో ఆల్కహాల్ ఉందేమో చూడ్డానికి, సీసా మీది చీటీ ఫోటో శనివారం రాత్రిలోగా ఇక్కడ పెట్టండి.

రానివారు ముందే చెప్పండి. పోయినసారి సగం చాయ్ మిగిలిపోయింది.