తుపాకీ భద్రతా చట్టాల సాధనకు మన సంఘం చేసిన కృషి: 2025 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

2023 మే 6న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న ఆలెన్ పట్టణంలోని ఔట్‌లెట్ మాల్‌లో జరిగిన కాల్పుల్లో ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. వారిలో మన తెలుగు ఆడబిడ్డ కూడా ఉన్నారు. ఇలాంటి ఘోరం జరిగిన ప్రతిసారీ సంతాపసభ పెట్టడం, విరాళాలు పోగుచేయడం, మృతదేహాన్ని కన్నవారి దగ్గరకు చేర్చడం మన సంఘాలకు అలవాటైన బాధ్యత. ఆ బాధ్యత ఎప్పటికీ మనదే. అయితే ప్రాణం పోయాక చేసే సాయంతో సరిపెట్టుకోకుండా, ప్రాణాలు నిలిపే చట్టాల కోసం శాసనసభ్యులను నేరుగా అడగాలని సర్వసభ్య సమావేశం తీర్మానించింది. ఆ తీర్మానం మేరకు ఈ ఏడాది జరిగిన పనిని మీ ముందుంచుతున్నాము.

టెక్సాస్ శాసనసభ సాధారణ సమావేశాలు రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో మాత్రమే, గరిష్ఠంగా 140 రోజులపాటు జరుగుతాయి. గవర్నర్ ప్రత్యేక సమావేశం పిలిస్తే తప్ప, ఆ గడువు దాటితే తర్వాతి సమావేశాల దాకా ఆగవలసిందే. మన రాష్ట్రంలోనే ఉన్న ఉవాల్డే పట్టణంలోని రాబ్ ప్రాథమిక పాఠశాలలో 2022 మే 24న 19 మంది పిల్లలను, ఇద్దరు ఉపాధ్యాయినులను పొట్టనపెట్టుకున్న యువకుడు తనకు 18 ఏళ్లు నిండిన కొద్ది రోజులకే చట్టబద్ధంగా రైఫిళ్లు కొన్నాడు. లైసెన్సున్న దుకాణదారుడు 21 ఏళ్లలోపు వారికి చేతి తుపాకీ అమ్మరాదని ఫెడరల్ (కేంద్ర) చట్టం చెబుతుంది కానీ, రైఫిల్ విషయంలో ఆ వయసు 18 మాత్రమే. కొన్ని రకాల సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక గుండు పేల్చి, తర్వాతిదాన్ని తానే నింపుకునే) రైఫిళ్లకైనా ఆ వయసును 21కి పెంచాలన్న హెచ్‌బీ (ప్రతినిధుల సభ బిల్లు) 2744, ఆలెన్ ఘటన జరిగిన రెండు రోజులకు, 8–5 ఓట్లతో కమిటీ దాటింది. ఆ తర్వాత సభలో చర్చకు రాకుండానే గడువు ముగిసిపోయింది. అందుకే సమావేశాలు మొదలయ్యాక కాకుండా, అంతకు ముందే శాసనసభ్యులను కలవాలని ఈ అనుభవం మాకు నేర్పింది.

ఈ ఏడాది సమావేశాలు అప్పటికే మొదలైనా, వసంతంలో మన ప్రతినిధి బృందం రాష్ట్ర రాజధాని ఆస్టిన్ వెళ్లి పలువురు శాసనసభ్యుల కార్యాలయాలను సందర్శించింది. ప్రతిచోటా మొదట అడిగిన ప్రశ్న ఒక్కటే: మీరు మా నియోజకవర్గంలో ఉంటారా? ఒక కార్యాలయంలో సహాయకురాలు మన వినతిపత్రాన్ని పక్కన పెట్టి, ముందుగా మన వారి జిప్ కోడ్‌లు (పిన్ కోడ్ వంటివి) రాసుకున్నారు. ఆ నియోజకవర్గానికి చెందిన సభ్యురాలు, అక్కడే చదువుతున్న తన ఇద్దరు పిల్లల గురించి, వారు బడిలో చేసే లాక్‌డౌన్ డ్రిల్ (దుండగుడు చొరబడితే తలుపులు మూసి దాక్కునే సాధన) గురించి మాట్లాడినప్పుడు మాత్రం ఆ సహాయకురాలు కలం ఆపి విన్నారు. మేము సిద్ధం చేసుకున్న గణాంకాలకన్నా ఆ మాటలకే ఎక్కువ బలం ఉందని బృందంలోని అందరూ గుర్తించారు.

మేము అడిగినవి మూడు. రైఫిల్ కొనుగోలుకు కనీస వయసు 21 చేయడం మొదటిది. లైసెన్సు లేని ప్రైవేటు వ్యక్తుల మధ్య జరిగే అమ్మకాలకూ నేపథ్య తనిఖీ (కొనేవారి నేర చరిత్ర వంటివి ముందే పరిశీలించడం) తప్పనిసరి చేయడం రెండవది. ఈ తనిఖీని తెచ్చిన 1993 నాటి ఫెడరల్ బ్రేడీ చట్టం లైసెన్సున్న వ్యాపారులకే పరిమితమైంది కనుక ఈ ఖాళీ ఇప్పటికీ అలాగే ఉంది. ఇంట్లో తుపాకీని తాళంలో భద్రపరచడం మూడవది. కార్యవర్గం అన్నిటికన్నా ఎక్కువ పట్టుబట్టింది దీనిమీదే.

దానికి కారణం వివరించవలసి ఉంది. ఈ దేశంలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. 2020 నుంచి పిల్లల, కౌమారుల మరణాలకు తుపాకులే అన్నిటికన్నా పెద్ద కారణమయ్యాయి. ఒత్తిడిలో ఉన్న పదహారేళ్ల పిల్లవాడికి, అల్మారాలో గుండ్లతో సహా దొరికే తుపాకీకి మధ్య ఒక తాళం ఉంటే, ఆ కొద్ది నిమిషాల వ్యవధిలో ప్రాణం నిలవవచ్చు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు వారికి గుండ్లున్న తుపాకీ అందేలా వదిలేయడం నేరమే అయినా, ఆ కేసు సాధారణంగా అనర్థం జరిగిన తర్వాతే తెరమీదికి వస్తుంది. తుపాకీ వాడనప్పుడు తాళం వేసి ఉంచాలని ముందే చెప్పే నిబంధన మాత్రం లేదు. మిషిగన్ రాష్ట్రం, 2021లో ఆక్స్‌ఫర్డ్ ఉన్నత పాఠశాలలో నలుగురు విద్యార్థులు మరణించాక, మైనర్లున్న ఇళ్లకు అలాంటి నిబంధన తెచ్చింది. అది 2024 ఫిబ్రవరిలో అమల్లోకి వచ్చింది.

చట్టం కోసం ఎదురుచూస్తూనే ఉగాది వేడుకల ప్రాంగణంలో ఒక బల్ల వేసి, కేబుల్ తాళాలు ఉచితంగా పంచాము. ఖాళీ చేసిన తుపాకీలోంచి తీగను ఎలా దూర్చాలో, అలా దూరిస్తే గుండు ఎందుకు పెట్టలేమో శిక్షకుడు విడమరిచి చూపించారు. కొందరు సభ్యులు ఎవరూ చూడకుండా తాళం తీసుకుని వెళ్లారు. ఆ మొహమాటం పోవాలి. పిల్లవాడికి వేరుశనగ పడదని ఎదుటి ఇంటివారికి ఎంత సహజంగా చెబుతామో, ఆడుకోవడానికి పంపేముందు మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళంలో ఉందా అని అంతే సహజంగా అడగాలని తల్లిదండ్రులను కోరుతున్నాము.

ఈ ఏడాది ఎదురుదెబ్బ కూడా తగిలింది. ప్రమాదకరంగా ప్రవర్తిస్తున్న వ్యక్తి నుంచి కోర్టు ద్వారా తాత్కాలికంగా తుపాకీని తీసుకునే రెడ్ ఫ్లాగ్ ఉత్తర్వులను అడ్డుకునే చట్టం సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో అమల్లోకి వచ్చింది. ఇరవైకి పైగా రాష్ట్రాల్లో ఉన్న రక్షణ మనకు దూరమైంది. ఇది మాకు తీవ్రమైన ఆవేదన కలిగించింది.

వీసాపై ఉన్నవారు మాట్లాడవచ్చా అని చాలామంది అడిగారు. ఓటు హక్కు పౌరులకే ఉన్నా, వినతి చేసుకునే హక్కు ఇక్కడ నివసించే అందరిదీ. రాత్రి షిఫ్టుల్లో గ్యాస్ స్టేషన్లలో, దుకాణాల్లో నిలబడేది మనవాళ్లే కనుక వారి మాట తప్పక వినబడాలి. మన సంఘం 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవాసంస్థ, కాబట్టి ఏ అభ్యర్థినీ సమర్థించదు, వ్యతిరేకించదు. బిల్లుల గురించి మాత్రం చట్టం అనుమతించిన ఖర్చు పరిమితిలోనే మాట్లాడుతుంది.

తదుపరి శాసనసభ 2027 జనవరిలో మొదలవుతుంది. అంతకు ముందు, 2026లోనే, ప్రతి నియోజకవర్గం నుంచి కనీసం ఒక కుటుంబం తమ శాసనసభ్యుని స్థానిక కార్యాలయంలో కలిసేలా జాబితా తయారుచేస్తున్నాము. సభ్యులు తమ జిప్ కోడ్, వీలైన రోజులు కార్యదర్శికి తెలియజేయవలసిందిగా కోరుతున్నాము.